శిక్షకుడి సీటు నుంచి కెప్టెన్ సీటుకు

నెత్తిమీద విమానం మోత వినిపిస్తే చేలో కలుపు తీసేవారు సైతం నడుమెత్తి చూస్తారు. అది నడిపే ఉద్యోగం తమ పిల్లలకు దొరుకుతుందా అని ఆరా తీసే తల్లిదండ్రులు పల్లెల్లోనూ వున్నారు. దొరుకుతుంది. అయితే లైసెన్సు చేతికి రావడం ఒక ఎత్తు, కెప్టెన్ కావడం మరో ఎత్తు. ఈ రెంటి మధ్య దూరమెంతో తెలుసుకోకుండా పొలం బేరం పెడితే చిక్కే.

ముందు కళ్లు, తర్వాత డబ్బు

ఇంటర్‌లో లెక్కలు, భౌతికశాస్త్రం చదివినవారికి ఈ దారి సులువు. శిక్షణకు డబ్బు కట్టకముందే వైద్య పరీక్ష చేయించుకోవాలి. కళ్లద్దాలుంటే ఫరవాలేదు. ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా తెలియనివారికి మాత్రం ఈ ఉద్యోగం అందదు.

పద్దెనిమిదేళ్లు నిండినవారికి వాణిజ్య పైలట్ లైసెన్సు ఇస్తారు. అందుకు 200 గంటలు విమానం నడిపి వుండాలి. అందులో 100 గంటలు తానే బాధ్యుడై నడపాలి. దారి లెక్కలు, వాతావరణం, విమానయాన నిబంధనలు, యంత్ర విజ్ఞానాలలో పరీక్షలు రాయాలి. రేడియోలో మాట్లాడేందుకు వేరే పరీక్ష వుంది. ఆకాశంలో మాటలన్నీ ఇంగ్లీషులోనే గనుక తెలుగు మీడియం పిల్లలు ముందునుంచే ఆ భాష సాధన చేయడం మంచిది.

ఖర్చు అరకోటి రూపాయలకు అటూ ఇటూ అవుతుంది. కేంద్ర ప్రభుత్వం 1985లో నెలకొల్పిన ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో వుంది. అక్కడ సీటు కావాలంటే ప్రవేశ పరీక్ష నెగ్గాలి. లైసెన్సు వచ్చాక కూడా పెద్ద విమానం నడపడానికి ఆ రకం విమానంపై మళ్లీ శిక్షణ పొందాలి. దానికీ లక్షలే.

లైసెన్సు వుంది, ఉద్యోగమేది?

లైసెన్సు పొందిన ప్రతివారినీ విమాన సంస్థలు వెంటనే తీసుకోవు. 2012లో కింగ్‌ఫిషర్, 2019లో జెట్ ఎయిర్‌వేస్ విమానాలు ఆగిపోయినప్పుడు అనుభవం వున్న పైలట్లే ఉద్యోగాల కోసం వెతుక్కున్నారు. అలాంటి రోజుల్లో కొత్తవారి సంగతి చెప్పనక్కర్లేదు. గాలిలో ఎగరకుండా ఇంట్లో కూర్చుంటే చేతివాటం తప్పుతుంది. అప్పు మీద వడ్డీ మాత్రం ఆగదు.

ఇక్కడే శిక్షకుడి ఉద్యోగం ఆదుకుంటుంది. మొదట సహాయ శిక్షకుడుగా చేరతారు. విద్యార్థిని తొలిసారి ఒంటరిగా విమానంలో పంపే అధికారం సహాయ శిక్షకుడికి వుండదు. అనుభవం గడించి, పరీక్ష నెగ్గి పూర్తి శిక్షకుడైతేనే ఆ బాధ్యత అప్పగిస్తారు.

చిన్న విమానంలో విద్యార్థి ఎడమవైపు, శిక్షకుడు కుడివైపు కూర్చుంటారు. విద్యార్థి తప్పు చేస్తుంటే ఎంతసేపు చూస్తూ వూరుకోవాలి, ఏ క్షణంలో కంట్రోలు తన చేతిలోకి తీసుకోవాలి అన్నదే శిక్షకుడి విద్య. తొందరపడితే విద్యార్థి నేర్చుకోడు. ఆలస్యం చేస్తే ప్రమాదం. జీతం పెద్దగా లేకున్నా ఎగిరిన ప్రతి గంటా శిక్షకుడి ఖాతాలో జమపడుతుంది.

పన్నెండేళ్ల నిరీక్షణ

అమెరికాలోని డెన్వర్ నగరానికి చెందిన ఎమిలీ వార్నర్ ఈ దారిలోనే నడిచారు. డిపార్టుమెంటు స్టోరులో వారానికి 38 డాలర్ల జీతానికి పనిచేస్తూ, అందులో 12 డాలర్ల 75 సెంట్లు విమాన పాఠాలకు కట్టేవారు. 1961లో శిక్షకురాలయ్యారు. ఆమె దగ్గర నేర్చుకున్న మగపిల్లలు ఒక్కొక్కరే విమాన సంస్థల్లో చేరిపోయారు. ఆమె దరఖాస్తులకు మాత్రం ఏళ్ల తరబడి మోక్షం రాలేదు. ఆడవారిని అప్పట్లో తీసుకునేవారు కారు. చివరకు 1973లో ఫ్రాంటియర్ ఎయిర్‌లైన్స్ ఆమెను చేర్చుకుంది. అప్పటికే ఆమె 7 వేల గంటలు ఎగిరారు. 1976లో కెప్టెన్ అయ్యారు. అమెరికా విమాన సంస్థల్లో కెప్టెన్ అయిన తొలి మహిళ ఆమే. పాఠాలు చెబుతూ గడిపిన పన్నెండేళ్లు వృథా పోలేదు.

నాలుగు పట్టీలు

మన దేశంలో కెప్టెన్ కావాలంటే 21 ఏళ్లు నిండాలి, 1500 గంటలు ఎగిరి వుండాలి. ఆపైన విమాన రవాణా పైలట్ లైసెన్సు పరీక్షలు నెగ్గాలి. విమాన సంస్థలో చేరిన శిక్షకుడు మళ్లీ కుడివైపు సీటులోనే, కో-పైలట్‌గా, మొదలుపెట్టాలి. నిన్నటిదాకా గురువు, నేడు శిష్యుడు. కొన్నేళ్లు పనిచేసి, సంస్థ పెట్టే పరీక్షలకు నిలబడితే ఎడమవైపు సీటు, భుజాన నాలుగు పట్టీలు వస్తాయి. తర్వాత కూడా ఏటా వైద్య పరీక్ష, నిర్ణీత గడువుల్లో నైపుణ్య పరీక్షలు తప్పవు. 65 ఏళ్ల వరకు ప్రయాణికుల విమానాలు నడపవచ్చు.

కాబట్టి కొడుకునో కూతురినో పైలట్ చేయాలనుకునేవారు శిక్షణ ఖర్చు ఒక్కటే లెక్క వేసుకుంటే చాలదు. లైసెన్సు వచ్చాక రెండు మూడేళ్లు ఉద్యోగం లేకున్నా ఇల్లు గడిచేలా, వడ్డీ కట్టేలా చూసుకోవాలి. ఆ వెసులుబాటు వుంటే శిక్షకుడి సీటులో కూర్చుని ఓపిక పట్టవచ్చు. అది లేకుండా వున్న రెండెకరాలూ అమ్మడం మాత్రం తగదు.