కాగితాలు రాసిపెట్టే మనిషి

మీరు నలుగురు కలిసి ఆవకాయ పెట్టి అమ్ముతున్నారనుకోండి. పట్నంలో కొట్టతను సీసాలు పంపమన్నాడు. "నంబరు ఉందా అమ్మా?" అని కూడా అడిగాడు. ఏమిటా నంబరు?

తినే వస్తువులు తయారుచేసి అమ్మేవారు ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకోవాలి. 2006లో వచ్చిన ఆహార భద్రత చట్టం ఈ మాట చెప్పింది. నమోదయ్యాక 14 అంకెల నంబరు ఇస్తారు. దాన్ని సీసా మీది లేబులుపై వేయించాలి. చిన్న వ్యాపారానికి రిజిస్ట్రేషన్ చాలు. పెద్ద వ్యాపారానికి లైసెన్సు కావాలి.

దరఖాస్తు ఇంటర్నెట్‌లో పెట్టాలి. ఇంట్లో చదువుకున్న పిల్ల ఉంటే మీరే పెట్టుకోవచ్చు. లేకపోతే ఒక మనిషిని పెట్టుకుంటారు. అతన్ని కన్సల్టెంట్ అంటారు. ఇందులో తప్పేం లేదు. కూలి ఇచ్చి పొలం దున్నించుకోమూ? ఇదీ అంతే. దున్నినవాడిది పొలం కాదు కదా!

ముందు ఇలా అడగండి: "సర్కారు రుసుము ఎంత? మీ కూలి ఎంత?" రెండూ వేరువేరుగా చెప్పించుకోండి. 2011 నియమాల్లో, ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకం ఉన్నవారికి రిజిస్ట్రేషన్ రుసుము ఏడాదికి 100 రూపాయలే పెట్టారు. ఈ లెక్కలు మారుతుంటాయి. ఇవాళ ఎంతో ఆహార భద్రత అధికారి ఆఫీసులో అడగండి. "ఐదు వేలూ సర్కారుకే" అని ఎవరైనా అంటే రశీదు చూపించమనండి.

అన్నిటికన్నా ముఖ్యం ఫోను నంబరు. దరఖాస్తులో అతను తన నంబరు రాసుకుంటే ఆఫీసు కబుర్లన్నీ అతనికే పోతాయి. నోటీసు వచ్చినా మీకు తెలియదు. అతను ఊరు మారితే మీ గతేం కాను? అందుకే మీ నంబరే రాయించండి. పాస్‌వర్డు మీ పుస్తకంలో రాసి దాచుకోండి.

నిన్నటిదాకా చూపిన చోట వేలిముద్ర వేశాం. ఇప్పుడు చదవగలం. ఖాళీ కాగితం మీద సంతకం చెయ్యకండి. పేరు, చిరునామా సరిగా ఉన్నాయా? పచ్చళ్ళు తయారుచేసేవారని రాశాడా, ఉత్త అమ్మేవారని రాశాడా? చూడండి.

పచ్చడి పాడైతే అధికారులు అడిగేది మిమ్మల్నే. అందుకే మంచి కన్సల్టెంట్ మీ వంటచోటు చూస్తానంటాడు. నీళ్ళు ఎక్కడివని అడుగుతాడు. లేబులు మీద దినుసులు, బరువు, తయారుచేసిన తేదీ వేయమంటాడు. "నంబరు తెచ్చిస్తా, మిగతాది మీకెందుకు?" అనేవాడిని నేనైతే పెట్టుకోను.

కూలి మొత్తం ముందే ఇవ్వకండి. నంబరు వచ్చాక ఫోస్కాస్ అనే సర్కారు వెబ్‌సైటులో ఆ 14 అంకెలు కొట్టించి చూడండి. అక్కడ మీ పేరు కనిపించాక మిగిలిన కూలి ఇవ్వండి.