బేరములోని బాలశిక్ష

మా నారాయణపేట కర్ణాటక సరిహద్దున నున్నది. ఇచ్చటి చీరల యంగళ్లలో తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ కలగలుపుగా వినవచ్చును. తల్లి చంకనుండి బేరము వినుచు పసివారు నాలుగు భాషల మాటలు పట్టుకొనుట మేమెఱుగుదుము. ఇప్పుడు చీరలు ఫోనులోనే అమ్ముడుపోవుచున్నవి. నేతగాండ్రకు దూరదేశపు గిరాకి దొరకుట మేలే. కాని యా బేరమునకు మాట యక్కఱలేదు.

2003లో అమెరికాలో పెట్రీషియా కూల్ మున్నగువారు ప్రకటించిన పరిశోధనలో, తొమ్మిది నెలల శిశువులు ఎదుటి మనిషి పలికిన చీనా భాషాధ్వనులను గ్రహించిరి; తెరపై చూచి విన్నవారు గ్రహింపలేదు.

కావున ఫోనులో చీర నెన్నుకొనునప్పుడు బిడ్డను చెంత కూర్చుండబెట్టుకొని అంచు, కొంగు, రంగు, వెల నోరార చెప్పుదము. అంగడి మానిన పాఠమును తల్లియే చెప్పవలెను.