చావులేని లివర్ కణాలు.. చిన్నాయనకు పనికొస్తయా?

"అన్నా, ఈ వీడియో చూడు. ల్యాబ్‌ల చావులేని లివర్ కణాలు తయారుచేసిన్రట. నాయినకు ఎక్కిస్తరట. ఆరు లక్షలు అడుగుతున్నరు."

రాత్రి పదకొండింటికి మహబూబాబాద్ నుంచి మా చిన్నమ్మ కొడుకు పెట్టిన మెసేజ్ ఇది. చిన్నాయనది భూపాలపల్లి, బొగ్గుబాయిలో పని. కామెర్లు వస్తే రెండు నెలలు పసరు మందు తాగాడు. చివరికి స్కాన్ తీస్తే లివర్ గట్టిపడిందని తేలింది. మార్పిడి ఆపరేషన్ తప్ప దారి లేకపోవచ్చని డాక్టర్ అన్నాడట. ఆ మాట విన్న ఇంటికి అలాంటి వీడియో దేవుడు పంపినట్టే ఉంటుంది కదా! జనగామలో ఉన్న నేను ఆ రాత్రంతా చదువుతూనే ఉన్నా.

చావులేని లివర్ కణాలు అబద్ధం కాదు. తిరకాసంతా అక్కడే ఉంది.

లివర్‌ది వింత స్వభావం. ఒంట్లో ఉన్నప్పుడు ముక్క కోసి తీసినా మళ్లీ పెరుగుతుంది. అవే కణాలను బయట ల్యాబ్ పళ్లెంలో పెడితే మాత్రం కొద్ది రోజులకే తమ పని మరిచిపోతాయి. ఎక్కువగా పెరగవు కూడా. మామూలు కణం విడిపోయిన ప్రతిసారీ దాని క్రోమోజోముల చివర్లు అరుగుతుంటాయి, చెప్పు మడమ అరిగినట్టు. ఒక హద్దు దాటాక ఆగిపోతుంది. అందుకే శాస్త్రవేత్తలు చివర్లు అరగకుండా చూసే టెలోమరేజ్ జన్యువునో, కణం బ్రేకులు తీసేసే ఎస్‌వీ40 వైరస్ జన్యువునో లోపలికి పంపుతారు. ఇక అది పెరుగుతూనే ఉంటుంది.

కొన్ని కణాలకు ఆ శ్రమ కూడా అక్కర్లేదు. ప్రపంచంలోని ల్యాబుల్లో ఎక్కువగా వాడే హెప్‌జీ2 కణాలు అర్జెంటీనాకు చెందిన 15 ఏళ్ల అబ్బాయి లివర్ క్యాన్సర్ గడ్డ నుంచి వచ్చాయి. 1970ల నుంచి ఇప్పటికీ బతికే ఉన్నాయి. మందుల పరీక్షకు, హెపటైటిస్ పరిశోధనకు వీటిని వాడతారు. కానీ మందులను విరగ్గొట్టే ఎంజైములు వీటిలో చాలా తక్కువ. పారాసిటమాల్ ఎక్కువైతే అసలు లివర్‌లో విషంగా మారుతుంది, వీటిలో ఆ విషం సరిగా తయారే కాదు. అంటే చావు లేదు గానీ, లివర్ గుణం సగం పోయింది.

మరి రోగికి? ఈ ప్రయత్నం మన హైదరాబాద్‌లోనే జరిగింది. డాక్టర్ సి.ఎం. హబీబుల్లా బృందం గర్భస్థ పిండాల లివర్ కణాలను, లివర్ హఠాత్తుగా పాడైన రోగుల పొట్టలోకి ఎక్కించి, ఆ ఫలితాలను 1994లో ప్రచురించింది. కొందరు కోలుకున్నారు, అందరూ కాదు. అలాంటి కణాలు కావలసినన్ని దొరకవు. చావులేని కణాల మీద ఆశ పుట్టింది ఈ కొరత వల్లే.

అయితే ఆగకుండా పెరగడం క్యాన్సర్ లక్షణం కూడా. అలాంటి వాటిని ఒంట్లోకి ఎలా పంపుతాం? జపాన్ పరిశోధకులు 2000లో ఒక ఉపాయం చూపించారు. కణాలను పెంచుకున్నాక ఆ చావులేని జన్యువును కత్తిరించి తీసేశారు. పనిచేసింది, ఎలుకల్లో. అమెరికా కంపెనీ ఒకటి హెప్‌జీ2 నుంచి తీసిన కణాలను ఒంటి బయట మిషన్‌లో పెట్టి, రోగి రక్తంలోని ప్లాస్మాను వాటి మీదుగా నడిపింది. 2018లో పెద్ద ట్రయల్ ఫలితం వచ్చింది: ఆ మిషన్ వల్ల రోగుల ఆయుష్షు పెరగలేదు.

పొద్దున్నే తమ్ముడికి ఫోన్ చేశా.

"మరి వాళ్లు మోసమా అన్నా?"

"ట్రయల్ అయితే సీటీఆర్ఐ నంబర్ ఉంటది. అడుగు. ట్రయల్‌ల ఎక్కించే మందుకు రోగి దగ్గర పైసలు తీసుకోరు."

అడిగాడు. అవతలివాళ్లు ఫోన్ పెట్టేశారట. రక్త జబ్బులు కొన్నిటికి తప్ప స్టెమ్ సెల్ చికిత్సను అనుమతి ఉన్న ట్రయల్‌లోనే చేయాలని ఐసీఎంఆర్ 2017లోనే చెప్పింది. తమ్ముడు ఆరు లక్షల కోసం చేను బేరం పెట్టాడని నాకు అప్పుడే తెలిసింది. కోపం వచ్చింది, ఎవరి మీదో చెప్పలేను.

అవయవాల కోసం జీవన్‌దాన్‌లో పేరు ఎక్కించాలంటే మార్పిడి చేసే ఆసుపత్రి ద్వారానే వెళ్లాలి. భూపాలపల్లికి రైలు లేదు. చిన్నాయనను బస్సులో వరంగల్ దాకా తెచ్చి, కాజీపేటలో రైలెక్కించాడు తమ్ముడు. జనగామ స్టేషన్‌లో నేనూ ఎక్కా. రిపోర్టుల కవర్ ఒళ్లో పెట్టుకుని, "నా లివర్ మళ్ల పెర్గదా బిడ్డా?" అని అడిగాడు చిన్నాయన.

"డాక్టర్‌నే అడుగుదాం" అన్నా.