జేబులో చిన్న తుపాకి – ఏపాటి రక్షణ?

పోయినేడు చలికాలంలో ఒక రాత్రి, తొమ్మిదిన్నర ప్రాంతంలో, తార్నాక చౌరస్తాలో బస్సు దిగి యూనివర్సిటీ వైపు నడుస్తున్నాను. చెట్ల కింద దీపం వెలగని చోట ఇద్దరు కుర్రాళ్లు ఎదురొచ్చారు. "అన్నా, టైమెంతయింది?" అన్నాడు ఒకడు. గడియారం చూసుకుని తల ఎత్తేసరికి కత్తి మొన నా పొట్టకు ఆనుకుని ఉంది. పర్సూ, గడియారమూ ఇచ్చేశాను. వాళ్లు పోయారు. ఒంటి మీద గీత కూడా పడలేదు.

కానీ ఆ తరువాత పదిహేను రోజులు నేను మనిషిలో మనిషిని కాను. వెనక అడుగుల చప్పుడు వినబడితే గుండె గుభేలుమనేది. చివరకు ఒక రివాల్వర్ కొనుక్కోవాలని నిశ్చయించుకున్నాను. ఈ మాట లాబొరేటరీలో నోరు జారితే మా ఎమ్మెస్సీ విద్యార్థి ఒకడు నవ్వాడు. "సార్, మనకిచ్చేది .32 బోరే గద! దానితోని ఏమైతది? కోపమొచ్చినోనికి ఇంకింత కోపమొస్తది, అంతే!" పక్కనున్న అమ్మాయి ఊరుకోలేదు. "గాంధీగారిని చంపింది చిన్న పిస్తోలే గదా?" అని అడిగింది.

ఇద్దరి మాటలోనూ నిజముంది. మరి ఇద్దరి మాటా ఎట్లా నిజమవుతుంది? భౌతికశాస్త్రం చెప్పి పొట్ట పోసుకునేవాణ్ణి గనుక ఈ సందేహం నన్ను వదల్లేదు. రెండు నెలలు అదే పనిగా చదివి, తెలిసినవాళ్లను అడిగి, తేల్చుకున్న సంగతులు మీ ముందు పెడుతున్నాను.

మనకు దొరికేది ఏది?

మన దేశంలో సైన్యం, పోలీసులు వాడే 9 మిల్లీమీటర్ల పిస్తోలు వంటివి 'నిషిద్ధ బోరు' కింద లెక్క. మామూలు పౌరుడికి వాటి లైసెన్సు దొరకదు. అతనికి మిగిలేది ముఖ్యంగా .32, .22 బోర్ల చేతి తుపాకులు. ఈ అంకెలు అంగుళాల్లో గొట్టం వ్యాసాన్ని చెబుతాయి. .32 అంటే దాదాపు 8 మిల్లీమీటర్లు, .22 అంటే అయిదున్నర. ఎన్.సి.సి.లో చేరినవాళ్లకు .22 రైఫిలు తెలిసినదే. 2014లో కాన్పూరు ఆయుధ కర్మాగారం స్త్రీల కోసమని 'నిర్భీక్' అనే .32 రివాల్వరును విడుదల చేసింది. అరకిలో బరువు, ఆరు తూటాలు. అప్పటి ధర మాత్రం లక్షా ఇరవై వేల పైచిలుకు! రాత్రి షిఫ్టు చేసి సిటీ బస్సులో ఇంటికి చేరే ఏ ఆడపిల్ల కొనగలదో ఆ దేవుడికే తెలియాలి.

లెక్కలు ఏమంటున్నాయి?

.32 రివాల్వరు తూటా బరువు ఆరు గ్రాములకు కాస్త ఎక్కువ, వేగం సెకనుకు సుమారు 220 మీటర్లు. గతిశక్తి కట్టి చూస్తే 150 జౌళ్ల ప్రాంతం. పొట్టి గొట్టంలోంచి వచ్చే .22 తూటాకు సుమారు 100 జౌళ్లు. 9 మిల్లీమీటర్ల తూటాకు 500కు దగ్గర. ఇప్పుడు మన మైదానంలోకి రండి. 160 గ్రాముల క్రికెట్ బంతిని ఫాస్ట్ బౌలరు గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వేస్తే దాని గతిశక్తి దాదాపు 120 జౌళ్లు! అంటే .22 తూటా కంటే ఎక్కువే. ద్రవ్యవేగం చూస్తే బంతిది .32 తూటాకు నాలుగు రెట్లు పైమాటే.

సినిమాలో హీరో కాల్చగానే విలన్ పది అడుగులు వెనక్కి ఎగిరి అద్దాలు పగులగొట్టుకుని పడతాడు. అది వట్టి బూటకం. అంత తోపు తూటాలో ఉంటే, న్యూటన్ మూడో సూత్రం ప్రకారం హీరో కూడా వెనక్కి ఎగరవలసిందే. తూటా మనిషిని తోసెయ్యదు. తన శక్తినంతా గోరంత వైశాల్యం మీద పెట్టి లోపలికి రంధ్రం చేసుకుపోతుంది. ఆ రంధ్రం ఎక్కడ పడింది, ఎంత లోతుకు పోయింది అన్నదే అసలు సంగతి.

చంపడం వేరు, ఆపడం వేరు

1981 మార్చి 30న వాషింగ్టన్‌లో అమెరికా అధ్యక్షుడు రీగన్‌పై ఒకడు .22 రివాల్వరుతో రెండు సెకన్లలోపే ఆరు తూటాలు కాల్చాడు. ఒకటి కారుకు తగిలి మళ్లి రీగన్ చంకకింద దూరింది. తనకు తూటా తగిలినట్టు మొదట ఆయనకే తెలియదు, పక్కటెముక విరిగిందనుకున్నాడట. ఆసుపత్రిలోకి నడిచే వెళ్లి లోపల కూలిపోయాడు. ఒంట్లోని రక్తం సగానికి పైగా పోయింది, చావు తప్పి బయటపడ్డాడు. అంతకు ముందు 1912లో థియోడర్ రూజ్‌వెల్ట్ .38 తూటా ఛాతీలో ఉండగానే గంటకు పైగా ఉపన్యాసం ఇచ్చాడు.

కాబట్టి చిన్న తూటా మనిషిని చంపగలదా అన్నది ఒక ప్రశ్న, మీదికి వస్తున్నవాణ్ణి ఆ క్షణంలో ఆపగలదా అన్నది వేరే ప్రశ్న. చంపగలదు, సందేహం లేదు. 1948లో మన దేశం ఏడ్చింది అందుకే. ఆత్మరక్షణకు కావలసింది మాత్రం ఆపడం. మెదడుకో, వెన్నుపాము పైభాగానికో తగిలితే తప్ప మనిషి వెంటనే కుప్పకూలడు. గుండెకే తగిలినా మెదడులో మిగిలిన ప్రాణవాయువుతో పది పదిహేను సెకన్లు చేతులాడించగలడు. పది సెకన్లలో కత్తి ఎన్నిసార్లు దిగుతుందో ఊహించుకోండి.

పెద్ద బోరైతే సరిపోతుందా అంటే, అదీ హామీ లేదు. 1986లో అమెరికాలోని మయామీలో ఎఫ్.బి.ఐ.వారికీ ఇద్దరు బ్యాంకు దొంగలకూ కాల్పులు జరిగాయి. ఒక దొంగకు మొదట్లోనే 9 మిల్లీమీటర్ల తూటా ఊపిరితిత్తిలో దూరి గుండెకు కాస్త ఇవతల ఆగింది. ఆ గాయంతోనే వాడు పోరాడి ఇద్దరు ఏజెంట్లను చంపాడు. శిక్షణ పొందినవాళ్ల గతే అది.

రెండు సెకన్ల సంగతి

నా అనుభవానికి వస్తాను. ఆ రాత్రి జేబులో రివాల్వరు ఉన్నదే అనుకుందాం. 1983లో డెనిస్ టుల్లర్ అనే అమెరికన్ పోలీసు అధికారి ఒక లెక్క తేల్చాడు. కత్తి పట్టుకున్నవాడు 21 అడుగుల దూరాన్ని సుమారు ఒకటిన్నర సెకన్లలో దాటగలడు. శిక్షణ ఉన్న పోలీసుకు ఒరలోంచి తుపాకి తీసి గురి చూసి కాల్చడానికి పట్టే కాలమూ అంతే. నాకూ ఆ కుర్రాడికీ మధ్య ఉన్నది మూడడుగులు. రివాల్వరు చేతిసంచీలో పుస్తకాల కింద ఉండేది. దాన్ని నేను తీసే లోపల వాడు భయపడి పొడిచేవాడు, లేదా ఇద్దరూ కలిసి లాక్కునేవాళ్లు. నా బోరు చాలకపోవడం కాదు, నా కాలం చాలలేదు.

పైగా తుపాకి ఎంత చిన్నదైతే దానితో గురి అంత కష్టం. గొట్టం పొట్టి, పిడి చిన్నది, చెయ్యి వణికితే తూటా ఎటు పోతుందో చెప్పలేం. తప్పిన తూటా తార్నాక చౌరస్తాలో ఎవరిని వెతుక్కుంటుంది? మిర్చి బజ్జీల బండివాణ్ణా, బస్సు కోసం నిలబడ్డ ముసలమ్మనా?

చట్టం మాట

1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం 21 ఏళ్లు నిండనివారికి లైసెన్సు లేదు. హైదరాబాదులో అది ఇవ్వవలసింది పోలీసు కమిషనరు. లైసెన్సు ఉన్నా విద్యాసంస్థల ఆవరణలోకి ఆయుధం తీసుకురాకూడదన్నది షరతు. అంటే తార్నాక దాకా ధైర్యంగా వచ్చి, క్యాంపస్ గేటు దగ్గర ఆ ధైర్యాన్ని వదిలి రావాలి! లైసెన్సు లేని నాటు తుపాకి సంగతి సరేసరి. అది జైలుకు దారి, చేతిలో పేలినా ఆశ్చర్యం లేదు.

ఆత్మరక్షణ హక్కు మనకు లేకపోలేదు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు దాని గురించే. ప్రాణం పోతుందన్న సహేతుకమైన భయం ఉన్నప్పుడు ఎదుటివాడి ప్రాణం తీసినా నేరం కాదు. కానీ అవసరానికి మించిన హాని చేయరాదు. పర్సు లాక్కుని వీపు చూపించి పారిపోతున్నవాణ్ణి కాలిస్తే ఆ హక్కు మనల్ని కాపాడదు. ఆ కుర్రాళ్లకు ఇరవై ఏళ్లుంటాయో లేదో. మూడు వందల రూపాయల కోసం వాళ్లలో ఒకణ్ణి చంపి నేను తరువాత ఏ మొహంతో క్లాసుకు పోవాలి?

మరొక ఆవరణ, మరొక రోజు

ఈ క్యాంపస్‌లో ఈ ప్రశ్న అడిగేవాళ్లకు ఒక పేరు గుర్తుకు రాక మానదు. 1972 ఏప్రిల్ 14న, ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్ దగ్గర, భౌతికశాస్త్ర విద్యార్థి జార్జిరెడ్డిని కత్తులతో పొడిచి చంపారు. ఆయన బాక్సింగ్ నేర్చినవాడు, పిరికివాడు కాదు. మీదపడింది పలువురు. 'ఆయన దగ్గర తుపాకి ఉంటే?' అని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. ఉంటే ఆ రోజు ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. ఒక్కటి మాత్రం చెప్పవచ్చు. ఒక గదిలోకి తుపాకి వస్తే పక్క గదిలోకి రెండు వస్తాయి. అప్పుడు ఎన్నికల గొడవ, మెస్సు బిల్లు గొడవ, ప్రేమ గొడవ అన్నీ ఒకే చోట తేలుతాయి.

ఇంకొక మాట చెప్పక తప్పదు. తుపాకులు విచ్చలవిడిగా దొరికే అమెరికాలో, తుపాకి వల్ల పోయే ప్రాణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. పరీక్ష తప్పిన రాత్రి, మనసు విరిగిన రాత్రి ప్రతి హాస్టల్లోనూ ఉంటుంది. తెల్లారితే మెస్సులో చాయ్ దగ్గర ఎవడో ఒకడు భుజం మీద చెయ్యి వేస్తాడు. అందుబాటులో తుపాకి ఉంటే ఆ తెల్లవారు దాకా ఆగనివ్వదు.

అంచేత మా విద్యార్థికి నా జవాబు ఇది. "ఏమయ్యా, .32 చిన్నదని నువ్వన్నది సగం నిజమే. ప్రాణం తీయడానికి అది చాలు, ప్రాణం కాపాడటానికి చాలదు." ప్రత్యేకించి ఎవరినైనా ఎవరో వెంటాడుతుంటే, ప్రాణానికి నిజంగా ముప్పు ఉంటే, శిక్షణ తీసుకుని లైసెన్సు అడగడం వారి హక్కు, దాన్ని నేను కాదనను. మనలాంటివాళ్లకు చీకటి దారి తప్పించుకోవడం, ఇద్దరు ముగ్గురు కలిసి నడవడం, పర్సు అడిగితే ఇచ్చెయ్యడం, సందు దొరికితే పరుగెత్తడం, వెంటనే 112కు ఫోను చెయ్యడం మేలు. ఆడపిల్లలకు 2014 నుంచి షీ టీములు కూడా ఉన్నాయి.

లైసెన్సు దరఖాస్తు ఫారం నింపకుండానే సొరుగులో పెట్టేశాను. నేనూ, నలుగురు సహోద్యోగులూ, ముప్పై మంది విద్యార్థులూ సంతకాలు పెట్టి ఆ దారిలో దీపాల కోసం అర్జీ ఇచ్చాం. మూడుసార్లు తిరిగాక నాలుగు దీపాల్లో మూడు వెలిగాయి. నాలుగోదాని కోసం ఇంకా తిరుగుతున్నాం. ఈసారి మీరూ ఒక సంతకం పెట్టండి.