మీకు తెలుసా? పూల బొంత పరిస్తే జరిమానా!

రంగురంగుల పూలు అద్దిన నూలుగుడ్డతో కొత్తగా బొంత కుట్టించుకుని మంచం మీద పరచడం 1722 డిసెంబరు 25 నుంచి బ్రిటన్‌లో నేరంగా ఉండేది.

అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ల గోలతో వచ్చిన చట్టం అది. మచిలీపట్నం సహా కోరమాండల్ తీరపు అద్దకం గుడ్డలంటే జనానికి అంత మోజు మరి! పీలికనైనా పారేయబుద్ధి కాని సరుకు. అందులోని పూలు, పిట్టలు, కొమ్మలు విడివిడిగా కత్తిరించి, తెల్లగుడ్డపై అమర్చి బొంత మీద కుట్టే పద్ధతి 18వ శతాబ్దం చివరికి అక్కడ బాగా పాకింది. క్విల్టింగ్ బృందాలు నేటికీ ఆ పని చేస్తున్నాయి.

హైదరాబాద్ ఎల్బీ నగర్‌లో నలుగురు స్నేహితురాళ్లు కూడి పాత చీరలతో బొంత మొదలుపెడితే, పైన కుట్టే పూలకు మచిలీపట్నం కలంకారీ ముక్కలు వాడి చూడొచ్చు. అక్కడి మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి చివరి ఊరు మచిలీపట్నమే.