సిబిల్ స్కోర్ బాగోలేదా..? అద్దె ఇంటి ఓనర్‌తో ఇలా మాట్లాడండి.. వేట నిషేధం నెలల్లో అద్దె సగానికి తగ్గించుకునే లెక్క ఇదే!

అద్దె ఇల్లు దొరకడమే కష్టం. అందులోనూ పాత లోన్ కిస్తీలు ఆగిపోయి, సిబిల్ స్కోర్ పడిపోయి ఉంటే? ‘నాలుగైదు నెలల అడ్వాన్స్ ఇస్తేనే తాళాలు’ అని ఓనర్ అంటే ఏం చేయాలి? శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలం భావనపాడు లాంటి తీర గ్రామాల నుంచి పిల్లల చదువు కోసమో, పని కోసమో టెక్కలి వైపు మకాం మార్చే కుటుంబాలకు ఇది అసలైన చిక్కు. పక్కనే మూలపేటలో 2023 ఏప్రిల్ 19న పోర్టుకు శంకుస్థాపన జరిగింది. దాంతో పనుల కోసం బయటి నుంచి వచ్చేవాళ్లూ ఈ చుట్టుపక్కలే ఇళ్లు వెతుక్కుంటున్నారు.

స్కోర్ తక్కువ ఉన్నంత మాత్రాన బేరం ఆడే హక్కు పోదు. కాకపోతే ఏం అడగాలో, ఏం అడగకూడదో తెలిసి ఉండాలి.

స్కోర్ ఎందుకు పడుతుంది?

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్లు, మోటారు బోట్ల వేటపై నిషేధం ఉంటుంది. ఆ రెండు నెలలూ వేట ఉండదు, చేతిలో డబ్బూ ఉండదు. బ్యాంకు ఈఎంఐకి మాత్రం సెలవు లేదు. 2025 ఏప్రిల్ 26న ఎచ్చెర్ల మండలం బుడగట్లపాలెంలో ప్రారంభించిన ‘మత్స్యకార సేవలో’ పథకం కింద అర్హులకు 20,000 రూపాయలు ఇస్తున్నారు. ఇంటి ఖర్చు, పిల్లల ఫీజులు, వలల బాగు.. అన్నీ అందులోనే చూసుకోవాలి. దీనికి తోడు తుపాన్లు. 2018 అక్టోబర్‌లో తిత్లీ ఈ జిల్లాను కుదిపేసిన సంగతి ఇక్కడెవరూ మర్చిపోలేదు.

రెండు మూడు కిస్తీలు దాటితే చాలు, రిపోర్టులో ఆలస్యం నమోదైపోతుంది. సిబిల్ స్కోర్ 300 నుంచి 900 మధ్య ఉంటుంది. 750 దాటితే మంచిదని బ్యాంకులు చూస్తాయి. కిస్తీ ఎందుకు ఆగిందో స్కోర్ చెప్పదు. తుపాను వల్ల ఆగినా, ఎగ్గొట్టినా అంకె ఒకేలా పడుతుంది. కాబట్టి ఆ కారణం మీరే చెప్పాలి.

ఓనర్ మీ సిబిల్ తీయగలడా?

మామూలు ఇంటి ఓనర్ తనంతట తాను మీ రిపోర్ట్ తీయలేడు. మీరు చూపిస్తేనో, మీ అనుమతితో ఏదైనా సంస్థ తీస్తేనో బయటపడుతుంది. ‘చెక్ చేస్తాం’ అంటూ పాన్ నంబర్, ఓటీపీ అడిగితే ఇవ్వొద్దు. రిపోర్ట్ మొత్తాన్ని వాట్సాప్‌లో పంపొద్దు. అందులో మీ పాన్, అడ్రస్, లోన్ల వివరాలన్నీ ఉంటాయి. చూపించాల్సి వస్తే ఎదురుగా ఫోన్‌లో చూపిస్తే సరిపోతుంది.

అంతకన్నా ముందు మీ రిపోర్ట్ మీరే చూసుకోండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్.. ఈ 4 సంస్థలూ ఏడాదికి ఒక పూర్తి రిపోర్ట్ ఉచితంగా ఇవ్వాలని ఆర్‌బీఐ రూల్. కట్టేసిన లోన్ ఇంకా బాకీగా కనిపిస్తే ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో తేల్చకపోతే, ఆపై రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని కూడా రూల్ ఉంది. తప్పు మీది కానప్పుడు ఆ మచ్చ మోసుకుంటూ బేరానికి వెళ్లడం ఎందుకు?

ఓనర్‌కు కావాల్సింది స్కోర్ కాదు.. నమ్మకం

ఓనర్ భయమల్లా ఒక్కటే. నెల నెలా అద్దె వస్తుందా, రాదా? దానికి జవాబు మీ దగ్గర ఉంటే స్కోర్ వెనక్కి పోతుంది. పాత ఇంటి అద్దె యూపీఐలో కట్టిన ఏడాది లెక్క, కరెంటు బిల్లుల రసీదులు, చేపలు కొనే వ్యాపారి నుంచి ఖాతాలో పడిన డబ్బు, పాత ఓనర్ ఫోన్ నంబర్.. ఇవి వెంట తీసుకెళ్లండి. ఇప్పటిదాకా చేతికే అద్దె ఇస్తున్నవాళ్లు ఈ నెల నుంచే యూపీఐకి మారడం మంచిది. రేపు ఇల్లు మారేటప్పుడు అదే సాక్ష్యం.

దాచి పెట్టి, తర్వాత దొరికిపోవడం కన్నా ముందే చెప్పడం మేలు. ఉదాహరణకు ఇలా: ‘‘బాబూ, రెండేళ్ల కింద వేట లేక లోన్ కిస్తీలు మూడు ఆగిపోయాయి. తర్వాత కట్టేశాం. అద్దె మాత్రం ఎప్పుడూ ఆపలేదు, ఇదిగో ఫోన్‌లో చూడండి.’’ నాలుగు ముక్కలు, అంతే. పెద్ద కథ అక్కర్లేదు.

అద్దె తగ్గించమనొద్దు.. కట్టే తీరు మార్చమనండి

స్కోర్ తక్కువ ఉన్నవాళ్లు అద్దె తగ్గించమని మొదలుపెడితే ఓనర్‌కు అనుమానం పెరుగుతుంది. అదే మొత్తాన్ని వేరేలా కడతామంటే వింటాడు.

అద్దె నెలకు 5,000 అనుకుందాం. ఏడాదికి 60,000. జూలైలో ఇంట్లో దిగితే, జూలై నుంచి ఏప్రిల్ వరకు 10 నెలలు 5,500 చొప్పున కట్టండి. అది 55,000. వేట ఉండని మే, జూన్ నెలల్లో 2,500 చొప్పున కట్టండి. అది 5,000. మొత్తం అదే 60,000. ఓనర్‌కు పైసా నష్టం లేదు, పైగా 5,000 ముందే చేతికొస్తుంది. మీకు మాత్రం గడ్డు నెలల్లో భారం సగమవుతుంది. మధ్యలో ఇల్లు ఖాళీ చేస్తే, ఎక్కువ కట్టింది వెనక్కి ఇవ్వాలని అగ్రిమెంట్‌లో రాయించుకోవడం మర్చిపోవద్దు.

అడ్వాన్స్ విషయానికొస్తే.. 2021 జూన్ 2న కేంద్ర కేబినెట్ ఆమోదించిన నమూనా అద్దె చట్టం, నివాస ఇళ్లకు రెండు నెలల అద్దెకు మించి డిపాజిట్ తీసుకోకూడదని చెబుతోంది. అది రాష్ట్రాలకు నమూనా మాత్రమే, నేరుగా అన్నిచోట్లా వర్తించదు. అయినా ‘‘రెండు నెలలే పద్ధతి కదండీ’’ అనడానికి పనికొస్తుంది. ఓనర్ అస్సలు ఒప్పుకోకపోతే, రెండు నెలలది ఇప్పుడు, మూడో నెలది రెండు మూడు విడతల్లో ఇస్తామనండి. ఊళ్లో నలుగురికీ తెలిసిన మేస్టారో, ఉద్యోగం ఉన్న బంధువో మాట సాయం చేస్తే బేరం ఇంకా తేలికవుతుంది.

ఈ తప్పులు చేయొద్దు

అడ్వాన్స్ కోసం లోన్ యాప్‌ల జోలికి వెళ్లొద్దు. అప్పు కోసం పెట్టే ప్రతి దరఖాస్తూ రిపోర్టులో నమోదవుతుంది. కిస్తీ ఆగితే స్కోర్ ఇంకా కిందికి పోతుంది.

హామీ కింద ఖాళీ చెక్కు, అంకె వేయని ప్రాంసరీ నోటు అడిగితే సంతకం పెట్టొద్దు. బాకీ కింద ఇచ్చిన చెక్కు బౌన్స్ అయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద రెండేళ్ల వరకు జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా పడొచ్చు. అద్దె ఇంటి కోసం కోర్టు మెట్లు ఎక్కే పరిస్థితి తెచ్చుకోవద్దు. ఆ అడ్వాన్స్ ఏదో డబ్బు రూపంలోనే ఇచ్చి రసీదు తీసుకోండి.

నోటి మాట మీద దిగొద్దు. అద్దె, కట్టే తేదీ, మే-జూన్ లెక్క, అడ్వాన్స్ ఎంత, ఖాళీ చేశాక ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు.. అన్నీ కాగితం మీద ఉండాలి. రిజిస్ట్రేషన్, స్టాంపు సంగతి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడిగి తెలుసుకోండి. దిగేముందు గోడలు, మీటర్ రీడింగ్ ఫోన్‌లో వీడియో తీసుకుంటే రేపు ‘డ్యామేజీ’ పేరుతో అడ్వాన్స్ కోతకు తావుండదు.

చివరిగా ఒక మాట. స్కోర్ ఒక్క నెలలో పెరగదు, కానీ పెరుగుతుంది. 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం 15 రోజులకోసారి వివరాలు అప్‌డేట్ చేయాలి కాబట్టి, కట్టిన కిస్తీ మునుపటి కన్నా త్వరగా లెక్కలోకి వస్తుంది. పాత బాకీ తీర్చేటప్పుడు ‘సెటిల్డ్’ అని కాకుండా ‘క్లోజ్డ్’ అని వచ్చేలా మొత్తం కట్టి, నో డ్యూ సర్టిఫికెట్ తీసుకోండి. వచ్చే ఏడాది అగ్రిమెంట్ తిరగరాసే రోజున, 12 నెలలు తప్పకుండా కట్టిన అద్దె లెక్కే మీ తరఫున మాట్లాడుతుంది.