వాన లెక్కలో గడుల పాత్ర

ఆరుద్ర కార్తెలో రేపు పది మిల్లీమీటర్ల వాన కురియునని పంచాయతీ కార్యాలయపు నల్లబల్లపై వ్రాయుదురు. రైతు విత్తనములు సిద్ధము చేసికొనును. తెల్లవారి పొరుగూరి చేలు తడియును గాని మన ఊర దుమ్మైనను అణగదు. అప్పుడు సర్పంచిని, సభ్యులను నిలదీయువారు పెక్కుమంది. ఆ సూచన ఎట్లు తయారగుచున్నదో తెలిసిన సభ్యుడు వారికి సమాధానము చెప్పగలడు. విత్తు వేయకముందే తగిన హెచ్చరికయు చేయగలడు.

గ్రామ పంచాయతీల స్థాయి వాతావరణ సూచనలను కేంద్ర ప్రభుత్వము 2024 అక్టోబరు 24న ప్రారంభించినది. ఈ-గ్రామస్వరాజ్ ద్వారమునను, మేరీ పంచాయత్ అను ఫోను యాప్‌లోను వాన, ఉష్ణోగ్రత, గాలివేగము, మబ్బుల వివరములను పొందు ఏర్పాటు చేసినది. అయితే ఊరి పేరుతో వచ్చు ఆ అంకె మన పొలిమేర రాళ్లను చూచి కట్టిన లెక్క కాదు.

గణకయంత్రముతో లెక్కించుటకై భూమిని ఆవరించిన గాలినంతటిని గడులుగా విభజింతురు. ప్రతి గడికిని పీడనము, వేడి, తేమ, గాలి వీనిని తెలుపు అంకెలుండును. ప్రక్క గడినుండి ఎంత గాలి వచ్చినది, ఎంత తేమ పోయినది అని కొద్ది నిమిషముల కాలమునకు లెక్కకట్టి, క్రొత్త అంకెలు వ్రాసికొని, మరల ముందునకు సాగుదురు. మడినుండి మడికి నీరు వదలు రైతునకు ఈ పద్ధతి వింత కాదు. ఆంగ్ల శాస్త్రజ్ఞుడు లూయిస్ రిచర్డ్‌సన్ యూరపు పటముపై చదరంగపు బల్లవలె గడులు గీచి, 1910 మే 20వ తేదీ వాతావరణమును చేతితోనే లెక్కించి, 1922లో గ్రంథముగా ప్రకటించెను. ఆరు గంటలలో పీడనము 145 మిల్లీబారులు మారునని అతని లెక్కలో తేలినది. నిజమునకు ఆనాడు పీడనము దాదాపు కదలనే లేదు! మూలపద్ధతి మంచిదేననియు, ప్రారంభపు కొలతలలో పొందిక లేకపోవుటయే తప్పునకు కారణమనియు తరువాతివారు గ్రహించిరి.

చదరపు గడులతో మరియొక చిక్కు గలదు. బల్ల చదునైనది, భూమి గుండ్రనిది. అక్షాంశ రేఖాంశములను బట్టి గడులు గీచినచో భూమధ్యరేఖవద్ద ఒక డిగ్రీ వెడల్పు 111 కిలోమీటర్లుండును. 60వ అక్షాంశమున అది సగమగును. ధ్రువమువద్ద రేఖలన్నియు గుమ్మడికాయ తొడిమ చెంత చారలవలె కలిసికొని, గడులు సన్నని చీలికలగును. గాలి ఒక్క అంగలో గడిని దాటిపోయినచో సాధారణముగా లెక్క చెడును. కనుక అతిసన్నని గడికి తగినట్లు కాలపు అంగను అన్నిచోట్లను కుదింపవలసి వచ్చును. జనసంచారములేని ధ్రువము కొరకు మన ఊరి లెక్క ఆలస్యమగుట విడ్డూరమే గదా.

అందుచేత పలువురు ఆ చదరములను విడిచిపెట్టిరి. జర్మనీ వాతావరణ శాఖవారి ఐకాన్ నమూనా 2015లో త్రిభుజపు గడులతో వాడుకలోనికి వచ్చినది. అమెరికాలోని జాతీయ వాయుమండల పరిశోధన కేంద్రమున తయారైన ఎంపాస్ నమూనాలో గడులు తేనెపట్టువలె ఎక్కువగా షట్కోణములు. ఇందు గడులన్నియు ఒకే కొలతలో ఉండనక్కరలేదు. వలకు నడుమ సన్నకన్నులు, అంచులకు పోనుపోను పెద్దకన్నులు అల్లినట్లు, కోరిన ప్రాంతమున చిన్నగడులను, దూరమున పెద్దగడులను అమర్చవచ్చును. కొండచరియ, సముద్రతీరము వంటివి పెద్ద గడిలో కరగిపోవును. చిన్నగడులలో వాని రూపము నిలుచును. కాని గడి కొలత మారినకొలది మేఘముల లెక్కయు మారవలెను. పెద్ద గడిలో ఉరుముమేఘము ఇమిడిపోవును గనుక దానిని అంచనాతో చేర్చుదురు. మిక్కిలి చిన్న గడులలో మేఘమే అనేక గడులను నింపును. నడిమి కొలతలో ఏ పద్ధతి తగునన్నది శాస్త్రజ్ఞులకు ఇప్పటికిని తలనొప్పియే.

ఒక ప్రాంతమును మాత్రమే కత్తిరించి సన్నగా లెక్కించుటయు కలదు. జర్మనీవారు 2021లో సుమారు 2 కిలోమీటర్ల త్రిభుజములతో అట్టి నమూనాను వాడుకకు తెచ్చిరి. అట్లు కత్తిరించినప్పుడు అంచులనుండి లోనికి ఏ గాలి వచ్చునో బయటి పెద్ద నమూనాయే చెప్పవలెను. పైకాలువ లష్కరు చెప్పిన నీటి లెక్క తప్పినచో చివరి మడి లెక్కయు తప్పును. బంగాళాఖాతమున వాయుగుండము చోటు పెద్ద నమూనాలో తప్పినచో లోపలి గడులు ఎంత చిన్నవైనను ఫలము తక్కువ.

పుణేలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ రూపొందించిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టం 2025 మే 26న జాతికి అంకితమైనది. ఇది యావద్భూమికిని లెక్కించు నమూనా. ధ్రువముల వైపు పోవుకొలది వరుసకు గడుల సంఖ్యను తగ్గించుకొనుచు పోవును. మునుపటి 12 కిలోమీటర్ల గడికి మారుగా ఇందు గడి 6 కిలోమీటర్లు. కొలత సగమైనచో గడులు నాలుగింతలగును, కాలపు అంగయు సగము చేసినచో శ్రమ ఎనిమిదింతలగును. 2024 సెప్టెంబరులో పుణేలో ప్రారంభమైన అర్క అను మహాగణకయంత్రము ఇట్టి పనులకే.

ఎకరములలో చెప్పవలెనన్న, మునుపు ఒక అంకె సుమారు 35,500 ఎకరములకు వర్తించెడిది. ఇప్పుడది సుమారు 8,900 ఎకరములకు వర్తించును. అంతటిలోను రెండు మూడు గ్రామములు ఇమిడియుండవచ్చును. గడికి సగటున పది మిల్లీమీటర్లనగా, నాలుగవ వంతు నేలపై నలుబది కురిసి మిగిలినది పొడిగా నుండుటయు కావచ్చును. సూచన అబద్ధమని దానిని కొట్టివేయరాదు, ఆ ఒక్క అంకెను నమ్మి విత్తనమంతయు నేలపాలు చేయనురాదు. చుట్టుప్రక్కల పంచాయతీల సూచనలను కూడ చూచి, అన్నింటను వాన కనబడుచున్నదా, ఒక్కదానియందేనా అని రైతులకు తెలుపవలెను. విత్తుటకు ముందు నేల పదును చూచుకొనుడని చెప్పవలెను.

పంచాయతీ ఆవరణలో చెట్లకు, గోడలకు దూరముగా వానమాపకమును నిలిపి, ప్రతిదినము ఉదయము 8 గంటల 30 నిమిషములకు కొలతను పుస్తకమున వ్రాయింపుడు. ప్రక్కగడిలో ముందునాటి సూచనను వ్రాయింపుడు. ఖరీఫు ముగియునప్పటికి మన ఊరి విషయమున ఆ సూచన ఎప్పుడు నిలిచినదో, ఎప్పుడు తప్పినదో ఆ పుస్తకమే చూపును.